ఆపిల్ గదిలో చలికాలం

నేను ఉద్యోగ జీవితమంతా కోళ్లకు ఇళ్లు కట్టాను. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే సివిల్ ఇంజనీరునని చెప్పి ఊరుకునేవాణ్ణి. కానీ జనం ఊరుకోరు కదా. "వంతెనలా, బిల్డింగులా?" అని తవ్వేవాళ్లు. కోళ్ల షెడ్లు అనగానే ఓ నవ్వు నవ్వి, పులిహోర గిన్నె వైపు తిరిగేవాళ్లు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. ఇప్పుడు రిటైరై, పొద్దున్నే కాఫీ గ్లాసుతో బాల్కనీలో కూర్చుని కళ్లు మూసుకుంటే, వంతెనలు కట్టినవాళ్లకు ఏం వినిపిస్తుందో నాకు తెలియదు గానీ, నాకు మాత్రం పొద్దు వాలేటప్పుడు షెడ్డు నిండా కోళ్లు సర్దుకునే చప్పుడు వినిపిస్తుంది. ఏదో పెద్ద కుటుంబం నిద్రపోయే ముందు ఒకళ్లతో ఒకళ్లు గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. ఆ గొణుగుడు మెల్లగా సన్నబడి, ఎక్కడో ఒక్క కోడి "ఊఁ" అని ఆగిపోతుంది. నాకు దాంతోనే కునుకు పడుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. వాళ్లకు కొలతలు కావాలి. కొలతలు ఇప్పుడు కంప్యూటర్లోనే దొరుకుతాయి, నా దగ్గరికి రానక్కర్లేదు. నేను చెప్పగలిగింది ఒక గూడు కథ. నేను కట్టిన వాటన్నిటిలోకీ చిన్నది అదే, నాకు ఎక్కువ పని నేర్పిందీ అదే.

గొడుగు, పెట్టె

మా ఆఫీసు బెజవాడ గవర్నర్‌పేటలో ఓ లాడ్జి పక్క మేడ మీద ఉండేది. కింద స్టేషనరీ హోల్‌సేలు కొట్టు, పైన మేము. నడిపేది రంగారావు గారు. డెల్టాలో రైతులు వరికి తోడు కోళ్లు కూడా పెంచుకోవడం జోరందుకున్న రోజులవి. వాళ్లకు షెడ్లు గీసి, దగ్గరుండి కట్టించడం మా పని. నక్షాలు అప్పట్లో అమ్మోనియా మెషీన్లో ప్రింటు తీసేవాళ్లం. ఆ ఘాటు మా చొక్కాలకు, అన్నం క్యారియర్లకు కూడా పట్టేసేది. ఇంటికి వెళితే మా ఆవిడ ముందు స్నానం చేసి రమ్మనేది.

రంగారావు గారు బాసుగా ఎలాంటివారంటే, టీ ఆలస్యంగా తెప్పించేవారు, కోపం త్వరగా తెచ్చుకునేవారు. పొగడటమన్నది ఆయన జాతకంలో లేదు. కానీ షెడ్డు తెలిసిన మనిషి. నేను చేరిన మొదటి వేసవిలో నన్ను కంకిపాడు దగ్గర ఓ షెడ్డుకు తీసుకెళ్లారు. నేను కొత్త ప్యాంటుతో, టేపుతో నిటారుగా నిలబడ్డాను.

"కూర్చోవయ్యా," అన్నారు.

"ఎక్కడండీ?"

"కోళ్ల మధ్యన. నుంచుంటే నీకు గాలి తగులుద్ది. కోడికి తగులుతుందో లేదో నీకెట్టా తెలుస్తుంది?"

కూర్చున్నాను. నిలబడినప్పుడు హాయిగా ఉన్న షెడ్డు, కూర్చునేసరికి పొయ్యి మీద మూత పెట్టినట్టయింది. ఆయన జేబులోంచి ఊదుబత్తి తీసి, వెలిగించి, ఊకలో కాదు సుమా, ఓ ఇటుక మీద నిలబెట్టారు. పొగ నిటారుగా లేచి, నా తల దాటాకే పక్కకు తిరిగింది. కోడి ఉన్నచోట గాలి చచ్చిపోయి ఉంది. ఆ పక్క గోడ రెండు వరసలు దించమని అక్కడికక్కడే మేస్త్రీకి చెప్పారు.

ఆ తర్వాత ఏ షెడ్డుకు వెళ్లినా నేను ముందు కూర్చునేవాణ్ణి. రైతులు మొదట నవ్వేవాళ్లు, తర్వాత వాళ్లూ నా పక్కన కూర్చునేవాళ్లు. ఇప్పటి పిల్లలకూ నేను చెప్పేది ఇదే. ప్యాంటు మాసిపోతుందని భయపడేవాళ్లు వంతెనలు కట్టుకోవడం మేలు.

ఆయన మాట ఇంకొకటి ఆఫీసంతా మంత్రంలా జపించేవాళ్లం. "షెడ్డంటే గొడుగు, పెట్టె కాదు." మా ప్రాంతంలో కోడికి శత్రువు ఎండ. నాలుగు వైపులా వలకట్టి, గోడ మోకాటి ఎత్తులో ఆపి, కప్పు చూరు బాగా బయటికి దించి వదిలేస్తే సగం పని అయిపోయినట్టే. ఆ మంత్రంతో చాలా ఏళ్లు హాయిగా బతికాం.

కరుణమ్మ గారి రెండు చలికాలాలు

తొంభైల మధ్యలో, ఎండలు ముదిరిన ఓ మధ్యాహ్నం, తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ మా మెట్లెక్కి వచ్చారు. పేరు కరుణమ్మ. కంకిపాడు పక్క పల్లె. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, మన్యం కొండల మీద చర్చి వాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టలుకు వెళ్లి, అక్కడే ఉండిపోయారు. వేసవి సెలవులకు దిగి వచ్చారు.

రంగారావు గారు కుర్చీ చూపించారు. ఆవిడ మంచినీళ్లు తాగి, గొడుగు కాళ్ల దగ్గర పెట్టుకున్నారు.

"నేను నర్సునండీ. పేషెంటు పోతే డాక్టరు గారికి ఎట్టా చెప్తామో అట్టా చెప్తాను. మధ్యలో అడ్డం రాకండి."

రంగారావు గారికి అడ్డం రావడమే అలవాటు. అయినా ఆగారు.

"మా పిల్లలు సన్నగా ఉంటారండీ. కళ్లు పాలిపోయి ఉంటారు. పూటకో గుడ్డు పెడితే తేరుకుంటారు. కింద నుంచి జీపులో గుడ్లు తెప్పిస్తే ఆ ఘాటు రోడ్డులో సగం పగిలిపోతయ్. అందుకని కోళ్లు పెట్టాం. గూడు మా తమ్ముడి షెడ్డు చూసి కట్టించా. మీరు కట్టిందేనంట అది. నాలుగు పక్కలా వల. మొదటి చలికాలం మంచు లోపలికొచ్చి కూర్చుందండీ. పొద్దున్నే చూస్తే కోళ్లు కొయ్యబారిపోయి ఉన్నయ్."

"రెండో ఏడాది?"

"రెండో ఏడాది అంతా మూసేశా. టార్పాలిన్లు, గోనెపట్టాలు, పాత దుప్పట్లు. ఎక్కడ కంత కనపడితే అక్కడ గుడ్డలు కుక్కాం. ఈసారి నిదానంగా పోయినయ్యండీ. కళ్ల వెంట నీళ్లు, గొంతులో గురక. పొద్దున తలుపు తీస్తే నా కళ్లే మండినయ్. ఉన్న నాలుగూ సంక్రాంతి దాకా లాగి, అవీ పోయినయ్."

ఆవిడ కాసేపు కిటికీలోంచి చూశారు. కింద రిక్షావాళ్లు నీడ కోసం గోడకు ఆనుకుని ఉన్నారు.

"మొదటి ఏడాది పిల్లలు ప్రతి కోడికీ ఓ పేరు పెట్టుకున్నారండీ. రెండో ఏడు కొన్నిటికే పెట్టారు. వచ్చే జూన్లో మళ్లీ కోడిపిల్లల్ని తెస్తానంటే, 'ఎందుకమ్మా, చచ్చిపోతాయి కదా' అంది ఒకతి. చర్చి పెద్దలు ఇదే ఆఖరన్నారు. నేను అయితే మొదటి చలికాలమే ట్రంకు పెట్టె సర్ది మంచం కింద పెట్టా. ఈసారి కూడా పోతే దిగి వచ్చేస్తా. గుడ్డు పెడతానని ఆశపెట్టి, ఆ పిల్లల మొహాలు మూడోసారి చూడలేనండీ."

రంగారావు గారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మేం గొడుగులు కట్టేవాళ్లం. చలి సంగతి మాకు తెలీదు," అన్నారు. ఆయన నోట 'తెలీదు' అన్నమాట నేను వినడం అదే మొదలు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చూడవయ్యా," అన్నారు.

మనకు తెలిసిన చలి

మనవాళ్లకు చలి గురించి ఏం తెలుసు? డిసెంబరులో కాలవ మీద కాస్త పొగమంచు లేస్తే చాలు, బెజవాడంతా మంకీ క్యాపులు, మఫ్లర్లు. కళ్లు తప్ప ఇంకేం కనపడవు. ఫస్టు షో సినిమా నుంచి వచ్చేవాళ్లు దొంగల ముఠాలా ఉంటారు. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన లాడ్జి జనం మా వాళ్లను చూసి నవ్వుకునేవాళ్లు. మాకు చలి అంటే మూసుకోవడం. ముక్కు, మూతి, చెవులు, కిటికీలు, అన్నీ. కొద్దిగా గాలి తగిలితే జలుబు చేసి పోతామని మా అమ్మ, మా అమ్మమ్మ, అందరి అమ్మమ్మలూ చెప్పారు.

అందుకే మా ఆఫీసంతా కలిసి గీసిన మొదటి గూడు ఓ ఫ్లాస్కులా తయారైంది. మందపాటి మట్టిగోడ, లోపల రేకు పైకప్పు, బిగువుగా మూసుకునే తలుపు. విదేశాల కేటలాగు ఒకటి తిరగేస్తే అందులో కరెంటు హీటర్లు కనిపించాయి. "ఆ కొండ మీద బల్బుకే కరెంటు లేదు. తా దూర కంత లేదు, మెడకో డోలు," అని రంగారావు గారు కేటలాగు మూసేశారు. ఫ్లాస్కు మాత్రం అందరికీ నచ్చింది. కరుణమ్మ గారు నక్షాను తిప్పి తిప్పి చూసి, "రెండో ఏడాది నేను గోనెపట్టాలతో చేసింది మీరు మట్టితో చేస్తన్నారేమో చూడండి," అన్నారు. మాకు అర్థం కాలేదు. మట్టి వేరు, గోనె వేరు అన్నాం.

కట్టి చూస్తే గానీ తేలదు. కానీ మే నెల బెజవాడలో చలి ఎక్కడ దొరుకుతుంది? రోళ్లు పగిలే రోహిణి కార్తె ముందుంది. ఈ మాట టీ కొట్టు దగ్గర అనుకుంటుంటే, పక్కన గ్లాసు పట్టుకున్న ఖాజా గారు తల తిప్పారు. ఆయన పళ్ల వ్యాపారి. కాశ్మీరు, సిమ్లా ఆపిళ్లు ఆయన కోల్డ్ స్టోరేజీ నుంచే డెల్టా ఊళ్లన్నిటికీ వెళ్లేవి.

"చలా సార్? నా దగ్గరుంది, రండి," అన్నారు.

ఆపిల్ గదిలో

వేసవిలో ఆపిళ్లు అయిపోతాయి. ఖాజా గారి చిన్న గది ఒకటి ఖాళీగా ఉంది. మామిడి సీజను జోరులో ఉన్న మనిషి, ఊరికే ఆ గది మెషీను ఎందుకు నడిపించారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అడిగితే నవ్వేవారు. "అక్కడి నుంచి పండు నా దగ్గరికి వస్తది సార్. ఆ చలి ఎట్టా ఉంటదో నేనెప్పుడూ చూడలా. మీ కోళ్లతో పాటు నేనూ చూస్తా," అన్నారోసారి.

ఆ గదిలోకి వెళ్లడం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటుంది. మందమైన తలుపు తీసి లోపల అడుగు పెడితే, అప్పటిదాకా ఉన్న బెజవాడ మాయమైపోతుంది. మసక బల్బు చుట్టూ సన్నటి ఆవిరి తిరుగుతుంది. పండు ఒక్కటి లేకపోయినా గోడలు, చెక్కలు, గాలి, అన్నీ ఆపిల్ వాసన. అంత చల్లటి, తియ్యటి, నిశ్శబ్దమైన చోటు నేను మళ్లీ చూడలేదు. ఆ మధ్యలో మా మట్టి గూడు. అందులో కరుణమ్మ గారి తమ్ముడి కోళ్లు, కంకిపాడు నుంచి గంపల్లో ఆటో ఎక్కి వచ్చినవి. చెమటలు ఆరకముందే చలికాలంలో పడ్డాయి. మొదట బిత్తరపోయి, తర్వాత ఈకలు ఉబ్బించుకుని ముద్దముద్దగా కూర్చున్నాయి.

మర్నాడు మధ్యాహ్నం మేం ముగ్గురం లోపలికి వెళ్లాం. ఖాజా గారు నాకు ఓ ఉన్ని మఫ్లరు ఇచ్చారు. మన అలవాటు ప్రకారం ముక్కు మీదుగా రెండు చుట్లు చుట్టుకున్నాను. కరుణమ్మ గారు శాలువా కప్పుకుని తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. నేను వంగి గూట్లోకి దూరి, కోళ్ల మధ్య ఊక మీద చతికిలబడ్డాను.

తల లోపల పెట్టగానే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. అదే ఘాటు. నక్షాలు ప్రింటు తీసే మెషీను ఘాటు, ఇక్కడ తడిసిన రెట్టలోంచి లేస్తోంది. కొండ మీద కరుణమ్మ గారి కళ్లు మండించింది ఇదేనని అప్పుడు తెలిసింది. కింద చెయ్యి పెడితే ఊక తడి. ఇంతలో మెడ మీద చల్లటి చుక్క ఒకటి పడింది. తలెత్తి చూస్తే రేకు నిండా నీటి బొట్లు. నీళ్లు ఎవరు పోశారు ఇక్కడ?

అలాగే కూర్చున్నాను. కాసేపటికి నా మూతి దగ్గర మఫ్లరు తడిసి, మంచుగడ్డలా పెదాలకు తగలడం మొదలైంది. చలికి చుట్టుకున్నదే చలి పెడుతోంది. విసుగొచ్చి గడ్డం కిందికి లాగేశాను. హాయిగా అనిపించింది. మళ్లీ చుట్టుకున్నాను, మళ్లీ లాగాను. నా ఊపిరే ఉన్నిలో నీరై కూర్చుందని అర్థమైంది. రాత్రంతా ఇన్ని కోళ్లు ఊపిరి వదిలితే అది ఎక్కడికి వెళ్తుంది? రేకు మీదికి వెళ్లి, నీరై, వాటి మీదే పడుతోంది.

బయటికి వచ్చి ఇదంతా చెబుతుంటే కరుణమ్మ గారు మధ్యలో లేచి నిలబడ్డారు.

"పేషెంటుకి దుప్పటి మెడ దాకా కప్పుతాం ప్రసాద్ గారూ," అన్నారు. "మొహం మీదకి కప్పం. మొహం మీదకి కప్పేది ఎవరికో మీకు తెలుసు."

ఆవిడ గూటి వైపు తిరిగారు.

"అన్నేళ్లు వార్డులో చేసి, నా కోళ్లకి మొహాల మీదుగా కప్పానండీ," అని ఆవిడ శాలువా కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. ఆవిడ తప్పేముంది? మేం ఇంజనీర్లం కూడా అదే కప్పాం కదా, ఇంకాస్త మందంగా.

గడ్డి అటక

మెడ దాకా కప్పాలి, మొహం వదలాలి. చెప్పడం తేలిక. పైన కంత పెడితే ఊపిరి పోతుంది గానీ గాలి విసురు లోపలికి దిగుతుంది. గాలి కోడి మీదికి దిగితే మొదటి చలికాలం మళ్లీ వచ్చినట్టే. దీని మీద రంగారావు గారూ నేనూ రెండ్రోజులు పోట్లాడుకున్నాం. ఆయన గొడుగంటారు, నేను పెట్టె అంటాను. టీ గ్లాసులు రెండు పగిలాయి.

నాకు దారి దొరికింది బస్సులో. కంకిపాడు నుంచి వస్తూ కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాను. నిద్రలో చిన్నప్పటి పొలం. డిసెంబరు పొద్దున, మంచుకు తడిసిన గడ్డివాము. పైన ముట్టుకుంటే చెయ్యంతా తడి. లోపలికి మోచేతి దాకా దూరిస్తే పొడిగా, వెచ్చగా. మేం పిల్లలం స్కూలుకు వెళ్లే ముందు వేళ్లు అలాగే వెచ్చచేసుకునేవాళ్లం. మెలకువ వచ్చేసరికి బెంజి సర్కిలు దాటిపోయింది. నా స్టాపు కూడా దాటిపోయింది.

రేకు తీసేశాం. దాని చోట వెదురు దబ్బలు వేలి సందు వదిలి పరిచి, పైన వరిగడ్డి అటక మీద వేసినట్టు దట్టంగా వేశాం. కప్పుకీ గడ్డికీ మధ్య ఖాళీ. ఆ ఖాళీలోంచి గూడు రెండు కొసల్లో, కప్పు కొన కిందుగా, బయటికి రెండు కంతలు. గోడ మాత్రం కోడి తల దాటి పైదాకా గట్టిగా, ఎక్కడా చీలిక లేకుండా. ఊపిరి గడ్డిలోకి ఎక్కుతుంది, తడిని గడ్డి పట్టుకుంటుంది, పైన గాలి దాన్ని ఆరబెట్టుకుపోతుంది. విసురు గడ్డి దాటి కిందికి రాదు.

మళ్లీ ఆపిల్ గది. ఈసారి రంగారావు గారు కూడా వచ్చారు, మంకీ క్యాపుతో. నన్ను జరగమని తానే గూట్లోకి దూరి కూర్చున్నారు. ఊదుబత్తి వెలిగించారు. పొగ నిటారుగా లేచింది. కోళ్ల దగ్గర వంకర తిరగలేదు. వెదురు సందుల్లోంచి గడ్డిలోకి వెళ్లి మాయమైంది. మేం బయట నిలబడి కొస కంత వైపు చూస్తున్నాం. చాలాసేపటికి, ఇక రాదులే అనుకున్నాక, సన్నటి పొగ దారం బయటికి వచ్చి, బల్బు వెలుగులో మెల్లగా పైకి పోయింది. ఆపిల్ వాసన, ఊదు వాసన, కోళ్ల గొణుగుడు. బయట ఊరు మండిపోతోందని కూడా మరిచిపోయాను.

"ఊక చూడు," అన్నారు రంగారావు గారు లోపలి నుంచి. ఆయనే గుప్పెట్లోకి తీసుకుని పిసికారు. చెయ్యి విప్పితే పొడిపొడిగా రాలింది. ముద్ద కట్టలేదు. ఈ పరీక్ష రాసి పెట్టుకోండి, పిల్లలూ. చలి ఊళ్లో గూడు బాగుందో లేదో థర్మామీటరు చెప్పదు, గుప్పెడు ఊక చెబుతుంది. పొడిగా ఉన్న కోడి ఎంత చలికైనా ఓర్చుకుంటుంది, దాని దుప్పటి దాని ఒంటి మీదే ఉంది. బొచ్చు రాని పిల్లల సంగతి వేరు, వాటికి వెచ్చదనం మనమే ఇవ్వాలి.

ఇంకో సంగతి కరుణమ్మ గారు పట్టారు. గుండ్రటి కర్ర మీద పడుకున్న కోడి మాటిమాటికీ కాళ్లు మారుస్తోందని చూశారు. కర్ర తీసేసి వెడల్పు పలక వేయించాం. దాని మీద కోడి పాదాలు చాపి కూర్చుంటే పొట్ట ఈకలు వేళ్ల మీద పడతాయి. పాదాలు కూడా దుప్పటి లోపలికి వెళ్లిపోయాయి.

గది ఖాళీ చేసే రోజున మూలన ఊకలో ఓ గుడ్డు కనిపించింది. ఖాజా గారు దాన్ని రెండు చేతులతో తీసి, ఆపిళ్లకు చుట్టే పల్చటి కాగితంలో చుట్టి, "ఇది సిమ్లా సరుకు సార్," అని కరుణమ్మ గారికి ఇచ్చారు. ఆవిడ మొదటిసారి నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు భయం కూడా వేసింది. ఆపిల్ గదిలో చలి మీట నొక్కితే ఆగుతుంది, కొండ మీద ఆగదు.

జనవరి

వానలు తగ్గాక కొండ మీద గూడు లేచింది. అద్దం కిటికీ దక్షిణానికి పెట్టాం, పొద్దు వాలే దాకా ఎండ ఊక మీద పడేలా. అంతా అక్కడి వెదురు, అక్కడి మట్టి. గడ్డి మాత్రం కరుణమ్మ గారి తమ్ముడు పంపాడు. ఆ తర్వాత ఆవిడ నుంచి కబురు లేదు. డిసెంబరులో ఆ వైపు ఫోను లైను పోయింది. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. నాకు అన్నం సయించలేదు. కలలో ఆ ట్రంకు పెట్టె బస్సు టాపు మీద ఊగుతూ ఘాటు రోడ్డు దిగడం కనిపించేది.

"వెళ్లి చూసి రా," అన్నారు రంగారావు గారు.

"పోయి ఉంటే ఏం చెప్పనండీ ఆవిడకి?"

"ఏం చెప్పొద్దు. అవి చచ్చినా చూడాల. కట్టినోడు ఎండాకాలం గూడుని ఎండాకాలం చూడాల, చలికాలం గూడుని చలికాలం చూడాల. ఫోటోల కోసమైతే ఇనాగరేషన్లకి పోవచ్చు."

ఆయన అన్న మాటల్లో నేను జీవితాంతం పాటించింది ఇదే. రైలు దిగి, రెండు బస్సులు మారి, తెల్లవారాక ఆ ఊళ్లో దిగాను. ఏమీ కనపడలేదు. లోకమంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కాలి కింద గడ్డి కరకరలాడింది, వంగి చూస్తే నూగులాంటి మంచు పట్టి ఉంది. మఫ్లరు ముక్కు మీదికి లాక్కోబోయి, గుర్తొచ్చి మానేశాను. ఆ మంచులో హాస్టలు ఎటో తెలియలేదు. నిలబడి చెవి ఒగ్గాను. ఎక్కడో ప్రార్థన పాట. పాట ఆగాక, దానికంటే సన్నగా, నాకు బాగా తెలిసిన గొణుగుడు.

ఆ చప్పుడు పట్టుకుని నడిచాను. మంచులోంచి ముందు కప్పు కనిపించింది, తర్వాత దాని కొస కంత. కంతలోంచి తెల్లటి ఆవిరి, కాసేపు ఆగి, మళ్లీ కాసేపు, మెల్లగా బయటికి వస్తోంది. చలిలో మనిషి ఊపిరి వచ్చినట్టే వస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను. కళ్ల నీళ్లు వచ్చాయి, దాచుకోవాల్సిన వాళ్లు ఎవరూ లేరు.

"ఎవరూ?" అంటూ కరుణమ్మ గారు స్వెట్టరు మీద కొంగు కప్పుకుని వచ్చారు. "ప్రసాద్ గారా! ఇంత చలిలో ఎట్టా వచ్చారండీ?"

"ఎన్ని పోయినయ్యమ్మా?"

"ఒకటి. అది కూడా అడవిపిల్లి ఎత్తుకుపోయింది. ఫోను పోయింది గదండీ, ఉత్తరం రాద్దామంటే పొద్దస్తమానం వీటితోనే సరిపోతంది. తలుపు మెల్లగా తియ్యండి, గుడ్లు పెట్టేయి ఉన్నయ్."

వంగి లోపలికి వెళ్లాను. పొడి ఊక వాసన. గుప్పెడు తీసి పిసికాను, రాలిపోయింది. కోళ్లు నన్ను పట్టించుకోలేదు. వెనకాలే ఓ అమ్మాయి తొంగి చూసి, "సార్, తెల్లదాన్ని తొక్కకండి, అది లీలావతి," అని గుసగుసగా చెప్పి పారిపోయింది.

మూలన కోళ్లు గుడ్లు పెట్టే గంపలు వరసగా ఉన్నాయి. వాటి చివర, మూత తీసేసిన పాత ట్రంకు పెట్టె ఒకటి. నిండా ఊక. అందులో ఓ ఎర్రకోడి, పొట్ట కిందికి కాళ్లు దాచుకుని, కళ్లు సగం మూసి కూర్చుంది. మూత మీద పెయింటుతో రాసిన కరుణమ్మ గారి పేరు సగం చెరిగిపోయి గోడకు ఆనించి ఉంది.

నేను ఆవిడ వైపు చూశాను.

"గంపలు చాల్లేదండీ," అన్నారు కరుణమ్మ గారు. "నా చీరలు మేకుకి తగిలించుకున్నా."